డెబ్బై గ్రాములు

నవంబరులో గ్దీనియా రేవుకి
మధ్యాహ్నం నాలుగింటికే చీకటి పడుతుంది.
రాత్రి తొమ్మిదికి స్వీడన్ వెళ్లే ఓడ.
ఆ ఓడ బార్లో నేను వయొలిన్ వాయిస్తాను.
వాయిస్తానని జీతమిచ్చేవాళ్లకి తెలుసు,
వినేవాళ్లకి తెలియదు.
డ్రమ్ములున్నాయి, లారీ డ్రైవర్ల నవ్వులున్నాయి,
అన్నిటికీ అడుగున ఇంజనుంది.
దగ్గరికి జరిగితే మైకు కీచుమంటుంది,
దూరం జరిగితే నేనే ఉండను.
పైగా ఉప్పుగాలికి నా పాత వయొలిన్
నడుము దగ్గర అతుకు రెండుసార్లు విడిచింది.

కరెంటు వయొలిన్ కొనుక్కో, అన్నాడు డ్రమ్మర్ ల్యుబోమిర్,
కరెంటు పొయ్యి కొనుక్కో అన్నంత తేలిగ్గా.

గ్దాన్‌స్క్‌లో అద్దాల దుకాణం.
గోడకి వేలాడుతున్నాయి,
ఒకటి చేపముల్లులా, ఒకటి విరిగిన గొడుగులా,
ఒకటి దేనిలాగో తెలియని నీలిరంగుది.
అమ్మే కుర్రాడు ఐదో తీగ గురించి చెప్పాడు,
హెడ్‌ఫోను గురించి, పక్కవాటా వాళ్ల నిద్ర గురించి చెప్పాడు.
నా ఎడమచేతి వేళ్లవంక ఒక్కసారీ చూడలేదు.
చెప్పులమ్మేవాడైనా ముందు పాదం చూస్తాడు కదా.

ఇంకొకటి పోస్టులో తెప్పించాను.
దాని సంగతి చెప్పను.
వాపసు పంపిన రసీదు ఇంకా కోటు జేబులోనే ఉంది.

క్రెఫ్ట్ పేరు చెప్పింది మా ఓడ ఎలక్ట్రీషియను.
"వాయించడం రాదు, చెవి మాత్రం ఉంది" అన్నాడు.
మెట్లు దిగితే జిగురు వాసన, సీసం కరిగిన వాసన,
ఉడుకుతున్న క్యాబేజీ వాసన.
ఎంత, అన్నాను.
ఎంతసేపు, అన్నాడు ముసలాయన.
"రోజుకి ఎంతసేపు మోస్తావు దాన్ని?"

వంటింటి త్రాసు తెచ్చి నా పాతదాన్ని తూచాడు,
పసిబిడ్డను తూచే నర్సులా
ఒక చెయ్యి కాస్త కిందే ఉంచుకుని.
నాలుగు వందల అరవై.
తర్వాత తను చేసినదాన్ని.
ఐదు వందల ముప్పై.
"డెబ్బై గ్రాములు ఎక్కువ.
అర్ధరాత్రి దాటాక మెడమీద అది కిలో."
తన సరుకులో తప్పు తనే ముందు చెప్పే మనిషిని
ఈ తిరుగుడంతటిలో అప్పుడే చూశాను.

దానికి పొట్ట లేదు, వీపు లేదు.
మేపుల్ వెన్నెముక, పక్కన వంగిన ఒక పక్కటెముక, అంతే.
ప్లగ్గు పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.
"ముందు ఇలాగే."
కమాను లాగాను. దోమంత శబ్దం.
చెవి వెనకనుంచి వడ్రంగి పెన్సిలు తీసి
ఒక కొస పళ్లతో కరిచి
రెండో కొస కర్రకి ఆనించి
కళ్లు మూసుకున్నాడు.
అప్పుడర్థమైంది నాకు.
ఓడల రేడియోలు బాగుచేస్తూ, ఇంజను గదుల పక్కన
ముప్పై ఏళ్లు.
ఎడమ చెవి పూర్తిగా పోయింది,
కుడిది సగం.

"మూడో తీగ దగ్గర కర్ర ఏదో దాస్తోంది,"
పెన్సిలు తీయకుండానే గొణిగాడు.
బ్రిడ్జిని ఆకురాయితో గోరంత గీకాడు,
మళ్లీ కరిచాడు, మళ్లీ గీకాడు.
క్యాబేజీ మాడింది.
"ఆ యాంప్లిఫయరు ఏదీ కొత్తగా ఇవ్వదు.
ఇక్కడున్నదాన్నే పెద్దది చేస్తుంది.
తప్పుని కూడా."

మూడు వారాలకి రమ్మన్నాడు.
వెళ్లేసరికి వెన్నెముక లోపల తొలిచి
నలభై గ్రాములు తగ్గించాడు.
"మిగతా ముప్పై నీదే" అన్నాడు.
నా పాతదాని గడ్డం పీట విప్పి
కొత్తదానికి బిగించాడు.
ఇరవై రెండేళ్ల నా చెమటకి రంగు వెలిసి
దవడ మేరకి గుంటపడిన పీట.
బ్యాటరీ మార్చడం నాచేత నాలుగుసార్లు చేయించాడు,
తను ఎల్లకాలం ఉండడు కాబట్టి.

నిన్న రాత్రి, ఓడ మలుపు తిరుగుతుండగా,
ఒక లారీ డ్రైవరు గ్లాసు దించి
నావైపు తిరిగాడు.
కంగారులో నా వేలు జారింది.
ఆ తప్పు స్వరం
బారు చివరి బల్ల దాకా, మెట్లమీద దాకా,
స్పష్టంగా వినిపించింది.